మేఘన, మేగన్ చుట్టాలు కారు. ముత్యాలమ్మకు మార్గరెట్ మాత్రం వరసే

మీ ప్రశ్న నాకు అర్థమైనట్లు ఒకసారి చెప్పుకుంటాను. మీరు ఉండేది టెక్సస్‌లో. పెద్దమ్మాయి మేఘనకు ఆరేళ్లు. బడిలో అందరూ ‘మేగన్’ అని పిలుస్తున్నారు, పిల్ల కూడా ఈమధ్య నోటుపుస్తకం మీద అలాగే రాసుకుంటోంది. ‘ఏం ఫరవాలేదు, మేగన్ మన మేఘన నుంచి పుట్టినదే, అసలు సంస్కృతమే’ అని మీ మామయ్యగారు తేల్చేశారు. ఆగస్టులో రెండో కాన్పు. ఆడపిల్లేనని స్కానింగులో తెలిసింది. ఈసారి మీ అమ్మమ్మ ముత్యాలమ్మగారి పేరు కలిసి రావాలని మీ కోరిక. మార్గరెట్ అంటే ముత్యమేనని ఎవరో చెప్పారు. అది నిజమా, ఆ పేరుకు ఏయే దేశాల్లో ఏయే రూపాలు ఉన్నాయి, వాటిలో మనకు పనికొచ్చేది ఏదైనా ఉందా అని అడిగారు.

నిఘంటువుల పనిలో ముప్పై ఏళ్లకు పైగా గడిపాను. పేర్ల పుట్టుక గురించి అడిగేవాళ్లు నెలకు ఒకరైనా తగులుతారు. సగం మందికి నచ్చని జవాబే చెప్పవలసి వస్తుంది. మీకు ఒకటి నచ్చనిది, ఒకటి నచ్చేది ఉన్నాయి. నచ్చనిదాన్ని ముందు ముగించుకుందాం.

మేగన్‌కూ మేఘనకూ ఏ సంబంధమూ లేదు. మేగన్ వేల్స్ దేశపు పేరు. మార్గరెట్‌ను ముద్దుగా ‘మెగ్’ అంటారు. దానికి వెల్ష్ భాషలో ముద్దును సూచించే ‘అన్’ చేరితే మేగన్ అయింది. మన సుబ్బలక్ష్మి సుబ్బులు అయినట్లే. ఒకప్పుడు వేల్స్ దాటి పెద్దగా వినపడని పేరు. బ్రిటన్ ప్రధానిగా చేసిన లాయిడ్ జార్జ్ కూతురు మేగన్ లాయిడ్ జార్జ్ 1929లో పార్లమెంటుకు ఎన్నికైంది. వేల్స్ నుంచి ఆ సభకు వెళ్లిన మొదటి స్త్రీ ఆమె. అమెరికాలో ఈ పేరు జోరు 1980, 90 దశకాల్లో సాగింది. మీ అమ్మాయి పంతులమ్మ వయసు ముప్పై, నలభై మధ్య ఉంటే ఆమె తరగతిలోనే నలుగురు మేగన్‌లు ఉండి ఉంటారు. నోటికి అలవాటైన అచ్చులోకి మీ మేఘనను పోస్తోంది, అంతే. అక్కడివాళ్లు కొందరు ఈ పేరు మధ్యలో ‘హెచ్’ అక్షరం కూడా చేరుస్తారు. ఐరిష్ పేరులా కనిపించాలని అమెరికాలో చేసిన అలంకారం అది. ఆ ‘హెచ్’ను చూసే మన వాళ్లు ‘ఘ’ అని పొరబడుతున్నారు.

ఇక మేఘం సంగతి. ‘తడపడం, చిలకరించడం’ అనే అర్థం ఉన్న పాత ధాతువు నుంచి వచ్చిన మాట అది. దీనికి పడమట నిజమైన చుట్టాలు ఉన్నారు, కానీ వాళ్లు మేగన్‌లా కనిపించరు. రష్యన్‌లో ‘మ్గ్లా’ అంటే మసక, పొగమంచు. గ్రీకులో ‘ఒమిఖ్లే’ అంటే మంచు తెర. ఈ రెండూ మేఘానికి అక్కచెల్లెళ్ల పిల్లలు. చెవికి ఒకేలా వినిపించేవి పరాయివి కావడం, ఎక్కడా పోలిక లేనివి రక్తసంబంధులు కావడం మాటల లోకంలో రోజూ ఉండేదే. మీ రెండో ప్రశ్న మొత్తం ఈ దారిలోనే నడుస్తుంది.

మార్గరెట్ అంటే ముత్యమే. ఇందులో సందేహం లేదు. గ్రీకు ‘మర్గరీతేస్’, లాటిన్ ‘మర్గరీత’ మామూలుగా ముత్యానికి వాడే మాటలు. ‘మీ ముత్యాలను పందుల ముందు వేయకండి’ అన్న వాక్యం తెలుగు బైబిల్లో చదివినవాళ్లకు గుర్తుంటుంది. గ్రీకు మూలంలో అక్కడ ఉన్నది ఈ మర్గరీతేస్ బహువచనమే. అమూల్యమైన ఒక్క ముత్యం కోసం ఉన్నదంతా అమ్ముకున్న వర్తకుడి ఉపమానంలోనూ అదే మాట. ఒక నగ మాట ఆడపిల్ల పేరు కావడానికి ఇలాంటి నేపథ్యం చాలు.

గ్రీకులకు మాత్రం ఆ మాట ఎక్కడిది? ఇక్కడే కథ మన వైపు తిరుగుతుంది, ఇక్కడే మనవాళ్లు తొందరపడతారు కూడా. గ్రీకు గ్రంథాల్లో ఈ మాటను స్పష్టంగా వాడినవారిలో ముందువాడు థియోఫ్రాస్టస్, అరిస్టాటిల్ శిష్యుడు. రాళ్ల గురించి రాసిన చిన్న పుస్తకంలో, ఇది భారతదేశంలోనూ ఎర్ర సముద్రమని వాళ్లు పిలిచే సముద్రపు దీవుల్లోనూ దొరుకుతుందని చెప్పాడు. అలెగ్జాండర్ దండయాత్ర తర్వాతి తరం అది. మాట, వస్తువు రెండూ తూర్పు నుంచే వెళ్లాయన్నమాట.

క్రీస్తుశకం రెండో శతాబ్దంలో అర్రియన్ అనే చరిత్రకారుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. చంద్రగుప్త మౌర్యుడి ఆస్థానానికి రాయబారిగా వచ్చిన మెగస్తనీసు రాతల ఆధారంగా ఒక కథ చెప్పాడు. హెరాక్లీసు తన కూతురు పాండాయాను అలంకరించడానికి సముద్రమంతా గాలించి ముత్యాలు తెప్పించాడట. ‘భారతీయుల భాషలో దీన్ని మర్గరీత అంటారు’ అని కూడా రాశాడు. మేలిమి బంగారానికి మూడు రెట్ల తూకం విలువ అని ధర సైతం చెప్పాడు. పాండాయా అన్న పేరులో పాండ్యదేశం, దాని ముత్యాల రేవులు కనిపించడం లేదూ? ‘మార్గరెట్ సంస్కృత పదం’ అని చెప్పేవాళ్ల చేతిలో ఉన్న పెద్ద ఆయుధం ఈ వాక్యమే. వాళ్లు చూపే సంస్కృత పదం ‘మంజరి’.

నాకు ఇది ఒప్పుదల కాదు. మంజరి అంటే పూలగుత్తి, చిగురు. ముత్యం అన్న అర్థాన్ని కోశకారులు చేర్చారు గాని కవులు వాడగా చూడడం అరుదు. పైగా ‘ఞ్జ’ అనే ధ్వని గ్రీకు నోట్లో ‘ర్గ’ ఎందుకు కావాలో చెప్పగలిగినవారు లేరు. మన దేశపు వస్తువు కాబట్టి మాట కూడా మనదేనని రాయబారి అనుకోవడంలో వింత లేదు. అతను విన్నది దారిలో ఉన్న ఇరాన్ మాట అయి ఉంటుంది. ఇప్పుడు భాషావేత్తల్లో ఎక్కువమంది మొగ్గు అటే. మధ్య పారసీకంలో ముత్యం ‘మొర్వారీద్’. నేటి ఫారసీలో ‘మొర్వారీద్’, మన ఉర్దూలో ‘మర్వారీద్’.

ఈ మాటను నేను మొదట పుస్తకంలో చూడలేదు, చార్‌మినార్ దగ్గర ఒక యునానీ మందుల కొట్టులో చూశాను. ఉర్దూ అక్షరాలు కూడబలుక్కునే రోజులవి. అరలో వరసగా ప్లాస్టిక్ డబ్బాలు. ఒక దాని మీద ‘ఖమీరా’ వరకు చదివాను. తర్వాత మీమ్, రే, వావ్, అలిఫ్, రే, యే, దాల్. ‘మర్వారీద్ అంటే ఏమిటి సాబ్?’ అని అడిగితే కొట్టు పెద్దాయన మాట్లాడకుండా వేలు గుమ్మం వైపు చూపించాడు. బయట, పత్తర్‌గట్టీ వరసలో, గాజు అద్దాల వెనక తెల్లటి దండలు వేలాడుతున్నాయి. ముత్యపు పొడిని చక్కెర పాకంలో మర్దించి చేసే మెత్తటి ముద్ద మందు అది. గుండె బలానికి వాడతారట. డబ్బా కొనలేదు, కాగితం మీద ఆ అక్షరాలు రాసుకుని వచ్చాను. ఆ రాత్రి పక్కన గ్రీకు మాట రాసుకుని చూస్తే మ-ర-వ-ర-ద, మ-ర-గ-ర-త. గ, వ ల మధ్య రాకపోకలు ఇరాన్ భాషల్లో ఉన్నవే. పక్షిని మధ్య పారసీకంలో ‘ముర్వ్’ అంటే ఇప్పుడు ‘ముర్గ్’ అంటున్నారు. హోటల్లో మనం తినే ముర్గ్ అదే. అచ్చుల మధ్య ‘త’ మెత్తబడి ‘ద’ కావడం ఫారసీలో సర్వసాధారణం. హైదరాబాదు అరలోని మందు డబ్బాకూ ఇంగ్లండు రాణివాసపు పేరుకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని నిఘంటువు చూపించినప్పుడు, ఈ ఉద్యోగానికి జీతం లేకపోయినా చేయవచ్చుననిపించింది.

ఇరాన్‌లో మొర్వారీద్ ఇప్పటికీ ఆడపిల్లల పేరు. ఆర్మేనియన్లకు ‘మర్గరీత్’ అంటే ముత్యమూ పేరూ కూడా. జార్జియాలో ముత్యం ‘మర్గలితి’. యూదుల భాషలో ‘మర్గలీత్’ అంటే ముత్యం, మణి. అదీ స్త్రీల పేరే. ఈ చివరి రెండింటిలో రెండో ‘ర’ కాస్తా ‘ల’ అయిపోయింది చూడండి. ఒకే మాటలో రెండు ‘ర’లు పలకడానికి నాలుక బద్ధకిస్తుంది, ఒకదాన్ని మార్చుకుంటుంది. ఇదే పని పోలండు వాళ్లు మొదటి ‘ర’తో చేశారు. వాళ్ల రూపం ‘మావ్‌గొజాతా’. మార్గరెట్‌ను గుర్తుపట్టడం కష్టం. ముద్దుపేరు గోశా. అరబ్బులు సిరియా భాషల ద్వారా తీసుకుని ‘మర్జాన్’ చేసుకున్నారు. వాళ్ల దగ్గర దాని అర్థం పగడం వైపు జరిగింది. ఆలీబాబా కథలో దొంగల మీద కాగే నూనె పోసిన తెలివైన పిల్ల మార్జియానా ఉంది కదా, ఆమె పేరు ఇదే.

పడమటి వైపు వెళ్లినది ముందు ఒక సాధ్వి పేరుగా వెళ్లింది. అంతియొకయ మార్గరెట్ అనే కన్య డయోక్లీషియను చక్రవర్తి కాలంలో, నాలుగో శతాబ్దం మొదట్లో, విశ్వాసం కోసం ప్రాణం ఇచ్చిందని గాథ. చెరసాలలో డ్రాగన్ రూపంలో వచ్చిన సైతాను ఆమెను మింగిందట, చేతిలోని శిలువ దెబ్బకు దాని పొట్ట పగిలి ఆమె క్షేమంగా బయటపడిందట. పొట్టలోంచి క్షేమంగా బయటికి రావడం! ఇంకేముంది, పురిటి నొప్పుల వేళ తలుచుకునే దేవత అయిపోయింది. మధ్యయుగపు యూరపులో గర్భిణులు ఆమె కథను చదివించుకునేవారు. చారిత్రక ఆధారం చాలదని 1969లో రోమన్ చర్చి తన సార్వత్రిక పంచాంగం నుంచి ఆమె పండుగను తీసేసింది, కాని పేరు అప్పటికే ఇంటింటికీ పాకింది. మీ అమ్మమ్మగారి పేరు కూడా నగ చూసి పెట్టినది కాకపోవచ్చు. ముత్యాలమ్మ మన ఊళ్ల గ్రామదేవత. మశూచి పొక్కులను ముత్యాలుగా భావించి, పిల్లలను కాపాడమని అమ్మను మొక్కుకున్న కాలం ఒకటుంది. తమిళులకు ముత్తు మారియమ్మన్ ఉన్నదీ ఆ వరసలోనే. బిడ్డ దక్కాలని ఇక్కడ ముత్యాలమ్మకు, అక్కడ మార్గరెట్‌కు దండం పెట్టారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ఇంగ్లండులో ఈ మాటకు జరిగిన ముచ్చట మీ మామయ్యగారికి తప్పక చెప్పండి. లాటిన్ మర్గరీత పాత ఇంగ్లీషువాళ్ల చెవిన పడింది. వాళ్లకు అర్థం తెలియలేదు. ‘మెరె’ అంటే సముద్రం, ‘గ్రెఓత్’ అంటే ఇసుక, గులకరాయి. ఇంకేం, సముద్రపు గులకరాయి కదా అని ‘మెరెగ్రోత్’ చేసుకున్నారు. పరాయి మాటను తమ ఇంటి మాటతో అతికించుకుని సంతోషించారు. మేగన్‌ను మేఘన చేసిన మామయ్యగారు ఒంటరివారు కారు, వెయ్యేళ్లకు ముందే ఆయనకు తోడు ఉన్నారు.

పేరుగా బ్రిటన్‌లో దీన్ని నిలబెట్టినది స్కాట్లండు రాణి మార్గరెట్. ఇంగ్లీషు రాచకుటుంబపు పిల్ల, హంగేరీలో సుమారు 1045లో పుట్టింది, 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక స్కాట్లండులో తలదాచుకుని అక్కడి రాజు మూడో మాల్కంను పెళ్లాడింది. యాత్రికులు ఫోర్త్ నది దాటడానికి పడవలు పెట్టించింది. ఆ రేవు ఊరి పేరు ఇప్పటికీ క్వీన్స్‌ఫెర్రీ. 1093లో చనిపోయింది, 1250లో పోపు ఆమెను పునీతురాలిగా ప్రకటించాడు. ఎడింబరో కోటలో ఆమె పేరిట ఉన్న చిన్న గుడి ఆ నగరంలో మిగిలిన కట్టడాల్లో అతి పాతది. అక్కడి నుంచి స్కాట్లండులో మార్గరెట్ అంటే మన దగ్గర లక్ష్మి లాంటిది. వీధికి నలుగురు. అందువల్లే ఇన్ని ముద్దుపేర్లు అవసరమయ్యాయి. మ్యాగీ, మెగ్, మ్యాడ్జ్, గేలిక్ మైరేద్ నుంచి మెయ్‌జీ. పెగ్గీ అని వింటే మార్గరెట్ అని ఎవరికీ తట్టదు. మెగ్‌కు ప్రాస కట్టి పెగ్ అన్నారు, మేరీ నుంచి మాలీ, మాలీ నుంచి పాలీ వచ్చినట్లు.

జర్మన్లు మొదటి సగాన్ని వదిలేసి చివరి సగాన్ని ఉంచుకున్నారు. గ్రేటా, గ్రేటె, గ్రెట్చెన్, పిల్లల కథలోని గ్రెటెల్. ఇటలీ, స్పెయిన్ వాళ్లు ఇంకా చివరికి వెళ్లి ‘రీటా’ దగ్గర ఆగారు. ఇటలీ సాధ్వి రీటా పుట్టినప్పటి పేరు మార్గెరీటా. హాలీవుడ్ నటి రీటా హేవర్త్ అసలు పేరు మార్గరీటా కాన్సినో. మన దేశం నుంచి 1966లో మిస్ వరల్డ్ అయిన రీటా ఫారియా పేరూ ఈ చెట్టు కొమ్మే. అయితే ఉత్తరాది ఇళ్లలోని ‘రీతా’ను కొందరు సంస్కృతపు ‘ఋత’తో ముడిపెడతారు. మళ్లీ అదే మేఘన, మేగన్ గొడవ. నార్వేలో మారిత్, డెన్మార్కులో మెరెతె, మెత్తె. చెక్‌లో మార్కేతా, హంగేరీలో మార్గిత్, పోర్చుగీసులో మార్గరీదా, ఐస్‌లాండులో మార్గ్రేత్. బుడాపెస్టు నది మధ్యలో ఉన్న మార్గిత్ ద్వీపం, పదమూడో శతాబ్దంలో అక్కడి మఠంలో బతికిన రాజు కూతురి పేరు మీదిది. రూపాలన్నీ రాస్తూ పోతే తెల్లవారుతుంది, ఇంతటితో ఆపుతాను. ఒక్క ఫ్రెంచి రూపం దగ్గర మాత్రం ఆగాలి.

ఫ్రెంచిలో మార్గరీత్ అంటే పేరు, పాతకాలంలో ముత్యం, ఇప్పుడు ఒక పువ్వు కూడా. మధ్యలో పసుపు బొట్టు, చుట్టూ తెల్లటి రేకులు, మన చేమంతి కుటుంబానిది. ఇంగ్లీషులో ఆ పువ్వు డెయిజీ. అందుకే ఇంగ్లీషు ఇళ్లలో మార్గరెట్‌ను డెయిజీ అని పిలవడం మొదలైంది. ముత్యం నుంచి పువ్వుకు ఫ్రాన్సులో, పువ్వు నుంచి ముద్దుపేరుకు ఇంగ్లండులో. డెయిజీ అన్న మాట మాత్రం అచ్చ ఇంగ్లీషు, ‘పగటి కన్ను’ అని అర్థం. పొద్దున విచ్చి సాయంత్రం మూసుకుంటుంది కదా. 1972 నుంచి 2024 జనవరి దాకా డెన్మార్కును ఏలిన రెండో మార్గ్రేతె రాణిని ఇంట్లోవాళ్లు పిలిచే పేరు డెయిజీయే. ఆమె అమ్మమ్మ పేరు మార్గరెట్, ఆమెనూ డెయిజీ అనేవారు. మీలాగే అమ్మమ్మ పేరు నిలుపుకున్న ఇల్లు అన్నమాట.

ఈ పువ్వు పేరుకు నాకు ఇష్టమైన కథ నెదర్లాండ్స్‌ది. రెండో ప్రపంచ యుద్ధంలో దేశం హిట్లర్ చేతిలో పడింది. యువరాణి యూలియానా పిల్లలతో కెనడాలో తలదాచుకుంది. 1943 జనవరి 19న ఒట్టావా ఆసుపత్రిలో మూడో ఆడపిల్ల పుట్టింది. కెనడా గడ్డ మీద పుట్టినవాళ్లకు ఆ దేశపు పౌరసత్వం వస్తుంది. ఆ బిడ్డకు డచ్చి పౌరసత్వం మాత్రమే ఉండేలా, ప్రసవపు గదులు కెనడా భూభాగం కావని ప్రభుత్వం తాత్కాలికంగా ప్రకటించింది. ఆ పిల్లకు మార్గ్రీత్ అని పేరు పెట్టారు. యుద్ధకాలంలో శత్రువును ఎదిరించేవాళ్లు గుర్తుగా పెట్టుకున్న పువ్వు అది. యుద్ధం ముగిసినప్పటి నుంచి నెదర్లాండ్స్ ఏటా ఒట్టావాకు తులిప్ దుంపలు పంపుతూనే ఉంది.

పిజ్జా సంగతి మీ పెద్దమ్మాయి అడుగుతుంది కాబట్టి రాస్తున్నాను. ఇటలీ రాణి మార్గెరీటా 1889లో నేపుల్స్ వచ్చినప్పుడు ఆమె పేరిట చేశారన్నది ప్రచారంలో ఉన్న కథ, అలాంటి పిజ్జా అంతకు ముందే ఉండేదని కూడా అంటారు. ఆఫ్రికాలో ర్వెన్జోరి పర్వతాల్లో 5,109 మీటర్ల మార్గెరీటా శిఖరం మాత్రం నిశ్చయంగా ఆ రాణి పేరిటిదే. ఇక రొట్టెకు రాసే మార్జరిన్ కూడా ఇంటి మనిషే. షెవ్రూల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త కొవ్వులో ముత్యంలా మెరిసే స్ఫటికాలు చూసి ముత్యం పేరు పెట్టాడు, అది తర్వాత డబ్బా మీదికి ఎక్కింది.

తెలుగు నేలకు ఈ పేరుతో నిజమైన బంధం ఒకటుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసినప్పుడు ‘జనగణమన’ పాడి వినిపిస్తే, ఆ బాణీకి స్వరాలు కాగితం మీద పెట్టినది కళాశాల ప్రిన్సిపాల్ భార్య, ఐరిష్ సంగీతజ్ఞురాలు మార్గరెట్ కజిన్స్. దగ్గరివాళ్లు ఆమెను పిలిచే పేరు గ్రెటా. ఈ దేశానికి వచ్చిన ఇంకో ఐరిష్ మార్గరెట్ వివేకానందుడి శిష్యురాలై నివేదిత అయింది. ఇద్దరి పూర్తి పేరూ మార్గరెట్ ఎలిజబెత్ కావడం వట్టి కాకతాళీయం.

ఇప్పుడు మీ పాప పేరు. మార్గరెట్ అని పెట్టవచ్చా? పెట్టవచ్చు, తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో మార్గరెట్‌లు ఉన్నారు కూడా. నన్నడిగితే మాత్రం వద్దంటాను. మీరు నిలుపుకోవాలనుకుంటున్నది అమ్మమ్మను. అర్థం మాత్రమే ఉంచి, పలుకు మొత్తం పారేస్తే పిలిచినప్పుడు ఆవిడ గుర్తుకు రాదు. గ్రేటా బాగుంది, చిన్నది, కాని అందులో ముత్యం చివరి ముక్క మాత్రమే మిగిలింది. మార్గో ఇప్పుడు అమెరికాలో ముచ్చటైన పేరట. మన ఇళ్లలో పెద్దవాళ్లకు అది వేపసబ్బు. ఆ సబ్బు పేరు వేపకు ఉన్న ‘మార్గోసా’ నుంచి, అది పోర్చుగీసులో ‘చేదు’ అనే మాట నుంచి వచ్చింది. ముత్యానికీ దానికీ సంబంధం లేదు, అయినా ఊరికి వచ్చినప్పుడు నవ్వేవాళ్లు నవ్వుతారు. మోతీ అసలు వద్దు, ఉత్తరాదిలో సగం కుక్కల పేరు అదే. ముక్త మంచి పేరు. ముత్యం అన్న మన మాట దానికి దగ్గరిదే. సంస్కృతపు ముక్తా నుంచి ముత్యం, ముత్తు వచ్చాయని కొందరు, ద్రావిడపు ముత్తునే సంస్కృతం ముక్తాగా దిద్దుకుందని కొందరు వాదించుకుంటారు. రెండు విధాలా ముత్యాలమ్మగారు ఇంట్లోనే ఉంటారు. ఒక్కటే చిక్కు, మీ ఊళ్లో దాన్ని ‘మక్టా’ అంటారు.

నాకు తోచినది వేరే ఉంది. స్వాతి. స్వాతి కార్తెలో మబ్బు నుంచి రాలిన చినుకు ముత్యపుచిప్పలో పడితే ముత్యం అవుతుందని మన నమ్మకం. కాలిన ఇనుము మీద ఆవిరైపోయిన నీటిబొట్టే చిప్పలో పడితే మణి అయిందన్న పద్యాన్ని మీరూ బడిలో వల్లించి ఉంటారు. ఇది మన ఒక్కరి ఊహే అనుకోకండి. రోమన్ పండితుడు ప్లినీ కూడా చిప్పలు ఆకాశపు మంచుబిందువులను తాగి ముత్యాన్ని కంటాయని, ఆ వేళ ఆకాశం మబ్బు పట్టి ఉంటే ముత్యం రంగు తగ్గుతుందని, ముత్యానికి సముద్రంతో కంటే ఆకాశంతోనే బంధం ఎక్కువని రాశాడు. మొదట మబ్బు, దాని నుంచి చినుకు, చినుకు నుంచి ముత్యం. పెద్దది మేఘన, చిన్నది స్వాతి అయితే అమ్మమ్మగారు ఆ ఇద్దరి మధ్యలో తానే వచ్చి కూర్చుంటారు. జనన పత్రంలో రెండో పేరుగా ముక్త రాయించండి. పలకడం రాని పంతులమ్మలు స్వాతితో సరిపెట్టుకుంటారు.

పెద్దమ్మాయి నోటుపుస్తకం మీద పేరు కొట్టించకండి. మేగన్ అంటే ఏమిటో దానికి చెప్పండి చాలు. ఈసారి తరగతిలో ఎవరైనా అలా పిలిస్తే జవాబు అదే చెబుతుంది: నేను ముత్యం కాదు, మబ్బును. ముత్యం ఆగస్టులో వస్తుంది.